తాగని మనిషి లివర్‌లో కొవ్వు

గ్యాస్ట్రోఎంటరాలజీలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చి, మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి అన్నారు. పనికొస్తాయో లేదో చదివాక వాళ్ళే తేల్చుకోవాలి. విజయవాడలో పాతికేళ్ళకు పైగా పేగులూ లివర్లూ చూసి రిటైరయ్యాను. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారు అన్నవి ఇక్కడ రాయను. అవి చదివి బాగుపడిన డాక్టర్ని నేనింకా చూడలేదు. నేను చేసిన తప్పొకటి రాస్తాను. చెప్పుకోదగ్గ పరిశోధన నేనేదైనా చేసి ఉంటే, అది ఆ తప్పు దిద్దుకునే తంటాల్లోనే పుట్టింది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నాకు కోపం ఎక్కువ, గొంతు పెద్దది. నేను ఓపీలో మాట్లాడితే బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి వేరే వినోదం అక్కర్లేదని మా నర్సులు అనుకునేవాళ్ళు. అది నా వెనకే అనుకునేవాళ్ళు గానీ, వాళ్ళ గొంతులూ చిన్నవేం కావు.

మా ప్రొఫెసర్ గారి సూత్రం

నాకు లివర్ నేర్పిన ప్రొఫెసర్ గారికి ఒకే ఒక్క సూత్రం ఉండేది. లివర్ పేషెంటు నిజం చెప్పడు. రోజుకి ఒక పెగ్గు అంటే రెండు రాసుకోమనేవారు. అసలు తాగనంటే, "తాగడు" అని రాయనిచ్చేవారు కాదు. "తాగనంటున్నాడు" అని రాయాలి. ఒకసారి నేను పొరపాటున "తాగడు" అని రాస్తే, ఆయన కేసు షీటు పైకెత్తి వార్డులో అందరికీ చూపించి, నువ్వు పక్కన కూర్చుని చూశావా అమ్మా అని అడిగారు. ఆ రోజు నుంచి నా చేతికి ఆ మాట రాయడం రాలేదు.

ఆయన్ని తప్పు పట్టలేను. తొంభైల మొదట్లో మా వార్డు నిండా పొట్టలుబ్బిన మగవాళ్ళే. పిల్లల మీద ఒట్టేసి తాగలేదని చెప్పేవాళ్ళు. ఒకాయనకి భార్య రోజూ ఫ్లాస్కులో బార్లీ నీళ్ళు తెచ్చేది. ఎంత శ్రద్ధగల ఇల్లాలో అని మేమందరం మెచ్చుకున్నాం. వారం రోజుల తర్వాత ప్రొఫెసర్ గారు రౌండ్స్‌లో ఆ ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, మాకందరికీ వరసగా వాసన చూపించారు. బార్లీ ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. అలాంటివి పదేళ్ళు చూసిన మనిషికి అలాంటి సూత్రమే వస్తుంది. సూత్రం చాలాసార్లు నిజమయ్యేది కూడా. అందుకే నేను దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు.

నూలు పోగులు తెచ్చే వీరభద్రం

పేగుల విషయంలో మాత్రం నేను పేషెంట్లని నమ్మడం తొందరగానే నేర్చుకున్నాను. నేర్పింది వీరభద్రం. డెల్టాలో ఒక చేనేత ఊళ్ళో నూలుకి రంగులేసేవాడు. రక్తవిరేచనాలతో వచ్చాడు. ఆ రోజుల్లో మా వైపు కడుపులో ఏ గొడవ వచ్చినా అమీబా అనేవాళ్ళం. అంతకుముందు చూసిన డాక్టర్లు అమీబా బిళ్ళలిచ్చారు. నేనూ మూడు నెలలు అవే ఇచ్చాను. నాలుగో నెల వచ్చినప్పుడు, రక్తం ఏ రంగులో పడుతోంది అని మామూలుగా అడిగాను. ఎరుపండీ అంటారు అందరూ. వీరభద్రం జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోంచి నాలుగు నూలు పోగులు తీసి టేబుల్ మీద పరిచాడు.

"ఇది సోమవారం రంగండి. ఇది మొన్నటిది, కొంచెం నలుపు తిరిగింది. చెబితే మీకు సరిగ్గా తెలవదని అదే రంగు కలిపి అద్దుకొచ్చా," అన్నాడు.

ఇరవై ఏళ్ళు రంగుల్లో చేతులు ముంచిన మనిషి. ఎర్రకీ ఎర్రకీ మధ్య ఎన్ని రకాలున్నాయో ఆయనకి తెలిసినంతగా ఏ డాక్టరుకీ తెలియదు. మెరిసే ఎరుపైతే రక్తం కింది భాగం నుంచి వస్తోందని, నలుపు తిరిగితే కాస్త పైనుంచి వస్తోందని మేం చదువుకున్నాం. ఆయన పోగుల్లో రెండూ ఉన్నాయి. గొట్టం వేసి చూస్తే పెద్దపేగు పొడవునా పుండ్లున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. మన ఒంట్లో రక్షణ చేయాల్సినవే మన పేగు మీద పడతాయి, ఎందుకు పడతాయో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అమీబాకీ దానికీ ఏ సంబంధమూ లేదు. మందు మార్చాక తగ్గుముఖం పట్టింది. తర్వాత కూడా ప్రతి నెలా పోగులు తెచ్చేవాడు, నేను కేసు షీటుకి గుండుసూదితో గుచ్చి పెట్టేదాన్ని. రికార్డులు చూసే గుమాస్తా, మేడమ్, ఇది ఆస్పత్రా, మ్యాచింగ్ సెంటరా అని గొణిగేవాడు.

వీరభద్రం మాట నమ్మాను, ఎందుకంటే రుజువు నా టేబుల్ మీద పరిచాడు. ఉత్త మాట పట్టుకుని వచ్చిన మనిషిని నమ్మడం మాత్రం నాకింకా రాలేదు.

రహీం సాయిబు గారి స్కానింగ్

అవి బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల స్కానింగ్ సెంటర్లు పుట్టుకొస్తున్న రోజులు. ఊరికే ఆవలింత వచ్చినా స్కానింగ్ తీయించుకుని, ఆ ఫిల్మును పెళ్ళి ఫొటోలాగా జాగ్రత్తగా పట్టుకొచ్చేవాళ్ళు జనం. అలా ఒక రోజు రహీం సాయిబు గారు వచ్చారు. వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణం. యాభై ఏళ్ళుంటాయి. తెల్లటి జుబ్బా, కాస్త ముందుకొచ్చిన పొట్ట, చాలా మెల్లని మాట. కుడి పక్కటెముకల కింద బరువుగా ఉంటోందనీ, మధ్యాహ్నమైతే ఒళ్ళు తూలుతోందనీ చెప్పారు. వెంట బావమరిది ఇస్మాయిల్ ఉన్నాడు, ఆయన్ని స్కూటర్ మీద తెచ్చినవాడు. స్కానింగులో లివర్ నిండా కొవ్వు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు పెరిగి ఉన్నాయి.

నేను తలెత్తకుండానే, రోజూ ఎంత తాగుతారు అని అడిగాను. తాగుతారా అని కాదు, ఎంత అని.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను తాగనమ్మా," అన్నారు.

అందరూ అదే చెబుతారండి, లివర్ మాత్రం వేరే చెబుతోంది అన్నాను. నా గొంతు సంగతి ముందే రాశాను. బయట బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మందుల చీటీ మీద సలహాలు పేషెంటుకి అర్థమయ్యేలా తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం నాకో గొప్ప. మిగతా డాక్టర్ల గిలుకుడు చూసి నవ్వుకునేదాన్ని. ఆ చీటీ మీద పైనే, "మద్యం పూర్తిగా మానెయ్యాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను. రహీం సాయిబు గారు చీటీ మడిచి జేబులో పెట్టుకోబోయారు. ఈలోపే ఇస్మాయిల్, మందులు నేను తెస్తా బావా అని తీసుకున్నాడు.

అది మందుల షాపు చేరేలోపు ఇస్మాయిల్ చదివాడు. మందుల షాపులో మరో నలుగురు చదివారు. సాయంత్రానికి బట్టల బజారంతా చదివినట్టే అయింది. రహీం సాయిబు గారు ఏ మనిషో నాకప్పుడు తెలియదు. వాళ్ళ మసీదు కమిటీలో పెద్ద. పేటలో కుర్రాళ్ళు తాగుడు మరిగితే ఇంటింటికీ వెళ్ళి కూర్చుని, వాళ్ళ చేత మానిపించే మనిషి. అలా మానిపించుకున్నవాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరే దుకాణానికి వచ్చి, ఎలా ఉంది సాయిబు గారూ ఒంట్లో అని చాలా జాలిగా అడిగి వెళ్తున్నారు. ఒక్కరూ తాగుడు మాట ఎత్తడం లేదు. ఎత్తితే కనీసం కాదని చెప్పుకునే వీలుండేది. కమిటీలో ఆయన మాట మీద నడిచే పని ఏదీ ముందుకి సాగలేదు. ఇంట్లో భార్య మెహరున్నీసా గారు ఆయనతో మాట్లాడటం మానేశారు.

ఇవన్నీ ఆయన మూడో రోజు ఒంటరిగా వచ్చినప్పుడు చెప్పారు. కోప్పడలేదు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒకటే అడిగారు. "తాగనని తేల్చే పరీక్ష ఏదన్నా ఉందామ్మా?"

ఉంది అన్నాను. సూదితో లివర్‌లోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోతుంది అన్నాను. ఎంత ధైర్యంగా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

సూది

ఎంజైములు పెరిగి ఉన్నాయి కాబట్టి బయాప్సీ చేయడానికి కాగితం మీద కారణం ఉంది, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఆ మనిషి బల్ల మీద పడుకున్నది ఎంజైముల కోసం కాదని నాకు తెలుసు. పరువు కోసం పడుకున్నారు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిస్మిల్లా అని బిగబట్టారు. నా పని నేను బాగానే చేశాను, ముక్క మొదటిసారికే వచ్చింది.

రెండు గంటల తర్వాత నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆయనకి చెమటలు పట్టాయి, బీపీ పడిపోయింది. లివర్ మీద సూది పెడితే లోపల రక్తం కారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. రక్తం తెప్పించి పక్కన పెట్టుకుని, సెలైన్ ఎక్కిస్తూ, ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అంత భయం నాకు ఎంబీబీఎస్ పరీక్షలప్పుడు కూడా వేయలేదు. ఈయనకేమన్నా అయితే నేను రాసిన ఒక్క వాక్యం కోసం అయినట్టే కదా అని అదే ఆలోచన. ఆయన మాత్రం కళ్ళు తెరిచినప్పుడల్లా, రిపోర్టు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. నేను లేవబోతే నా కాళ్ళే తిమ్మిరెక్కి నిలబడలేదు.

నాలుగు రోజులకి రిపోర్టు వచ్చింది. కవరు చింపి చదివితే, ఇలాంటి మార్పులు సాధారణంగా మద్యం తాగేవారి లివర్లలో కనిపిస్తాయి, పేషెంటు చరిత్రతో పోల్చి చూసుకోవాలి అని ఉంది.

నేను ఆ రిపోర్టు పట్టుకుని పెథాలజీకి వెళ్ళాను. అక్కడ పెద్ద డాక్టరు గారు నాకన్నా కోపిష్టి. అందుకే మా ఇద్దరికీ బాగా పడేది. ఇదేంటండీ, ఈయన తాగనంటున్నారు, తాగాడో లేదో తేల్చి చెప్పండి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"మేడమ్, నా మైక్రోస్కోపులో కొవ్వు కనిపిస్తుంది, వాపు కనిపిస్తుంది. సీసా కనిపించదు. తాగేవాడికీ, తాగకుండా లావెక్కినవాడికీ ముక్క ఒకేలాగుంటుంది. తాగుతాడో లేదో కనుక్కోవాల్సింది మీరు. నన్ను అడుగుతారేంటి?"

తర్వాత బీరువాలోంచి ఒక జిరాక్సు కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టారు. మద్యం ముట్టనివాళ్ళ లివర్‌లో కూడా కొవ్వు చేరి, వాచి, గట్టిపడుతుందని విదేశాల్లో డాక్టర్లు ఎప్పుడో రాశారు. నేను చదవలేదు. ఆ రాత్రంతా కూర్చుని చదివాను. రక్తంలో మేం చూసే రెండు లివర్ ఎంజైముల్లో, తాగుడు లివర్‌కి ఒకటి ఎక్కువగా, ఈ కొత్తరకానికి రెండోది ఎక్కువగా ఉండటం మామూలని అందులో ఉంది. రహీం సాయిబు గారి మొదటి రక్తపరీక్షలో ఎక్కువగా ఉన్నది ఆ రెండోదే. ఆ కాగితం మొదటి రోజే నా చేతిలో ఉంది. నేను చూడలేదు, ఎందుకంటే నాకు జవాబు ముందే తెలుసు.

మెహరున్నీసా గారు అడిగిన ప్రశ్న

రిపోర్టు సంగతి ఆయనకి ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు ఓపీ అయిపోయే వేళకి బుర్ఖాలో ఒకావిడ లోపలికొచ్చి, తలుపు వేసి, ముఖం మీది ముసుగు తీసి నా ఎదురుగా కూర్చున్నారు. రహీం సాయిబు గారి భార్యనని చెప్పారు.

"ఆ సూది ఎవరి కోసం పొడిచారమ్మా?" అని అడిగారు.

నేను ఎంజైముల గురించి మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"ముప్పై ఏళ్ళుగా ఆయన పక్కనే ఉంటన్నా. తాగాడో లేదో నాకు సూది చెప్పాలా? నేనేనాడూ అనుమానపడలేదు. అనుమానపడింది మీరు. నన్ను పిలిచి ఒక్క మాట అడిగుంటే అయిపోయేదిగా."

మరి ఆయనతో మాట్లాడటం ఎందుకు మానేశారు అని అడిగాను. మీ చీటీ సంగతి బజారంతా చెప్పుకుంటున్నా ఆయన ఇంట్లో చెప్పకుండా దాచాడు, నేను నమ్మనేమోనని భయపడ్డాడట, ముప్పై ఏళ్ళ కాపరానికి ఇదా విలువ, అందుకు కోపం అన్నారు. పైగా చెప్పకుండా వచ్చి సూది పొడిపించుకున్నాడు, ప్రాణం మీదకి వచ్చాక తెలిసింది అన్నారు. నాకు సిగ్గేసింది. ఇంత చదివి, ఇన్ని పరీక్షలు చేయించి, ఈ కేసులో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషిని నేను గది లోపలికే పిలవలేదు.

ఆవిడ వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగారు. ఇంట్లో ఆయన పిట్ట తిన్నట్టు తింటాడనీ, పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రాత్రి రెండు రొట్టెలనీ చెప్పారు. మరి కొవ్వు ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి దుకాణంలో కూర్చుని చూడండి, మీరు పెద్ద చదువు చదివారుగా అని వెళ్ళిపోయారు.

దుకాణంలో ఒక మధ్యాహ్నం

చీరలు కొనే నెపంతో వెళ్ళాను. తెల్లటి పరుపుల మీద రహీం సాయిబు గారు, ఎదురుగా డెల్టా ఊళ్ళ నుంచి వచ్చిన వ్యాపారులు. ఒక్కొక్క వ్యాపారి రాగానే టీ వస్తుంది. వచ్చినవాడు ఒక్కడే తాగితే మర్యాద కాదు, యజమాని కూడా తోడు తాగాలి. ఆ టీలో చెంచా నిలబడేంత పంచదార. బేరం సగంలో ఉండగా కూల్‌డ్రింకు వస్తుంది, అదీ ఇద్దరికీ. బేరం కుదిరితే మిఠాయి. కుదరకపోతే మనసులో ఏమీ పెట్టుకోలేదని చూపించడానికి ఇంకో టీ. ఆ వ్యాపారి లేచేలోపు ఇంకొకడు వస్తాడు. మళ్ళీ మొదటి నుంచి.

నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. ఆయన ఎప్పుడూ ఇష్టంగా తాగడం లేదు, పెదవి ముడిచి మందు మింగినట్టు మింగుతున్నారు. రోజూ ఇలాగేనా అని అడిగాను. "కాదమ్మా, పెళ్ళిళ్ళ రోజుల్లో ఎక్కువుంటుంది," అన్నారు.

ఆయన నాకేమీ అబద్ధం చెప్పలేదు. ఏం తింటారు అని మా డైటీషియన్ పద్మావతి అడిగినప్పుడు ఇడ్లీ, అన్నం, రొట్టె అనే చెప్పారు. ఎదుటివాడి కోసం తీసుకున్నది ఆయన దృష్టిలో తిండి కాదు, వ్యాపారం. మర్యాద కోసం మింగిన దాన్ని మన వైపు ఎవరూ తిన్నట్టు లెక్కేసుకోరు. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నేను అక్కడ కూర్చున్నందుకు నాకూ మూడు టీలూ రెండు కూల్‌డ్రింకులూ పడ్డాయి, అక్కర్లేని నాలుగు చీరలు పట్టుకుని బయటపడ్డాను.

టీ మానెయ్యమంటే ఆయనకి కుదరదు, వ్యాపారం పోతుంది. మెహరున్నీసా గారే దారి కనిపెట్టారు. ఇంటి నుంచి ఫ్లాస్కులో ఉప్పు మజ్జిగ పంపడం మొదలుపెట్టారు, వ్యాపారి టీ తాగుతుంటే ఈయన మజ్జిగ తాగాలి. రెండో రోజుకే ఇస్మాయిల్ బజారులో, బావ ఇప్పుడు సొంత ఫ్లాస్కు తెచ్చుకుని తాగుతున్నాడు, అందులో ఏముందో అల్లాకే తెలియాలి అని చెప్పేశాడు. మూడో రోజు ఆవిడ క్యాను నిండా మజ్జిగ పంపి, వచ్చినవాళ్ళందరికీ అదే పోయమన్నారు. ఎండాకాలం కావడంతో వ్యాపారులకి తెగ నచ్చింది. సాయంత్రం నడక కూడా పెట్టించాను. ఆరు నెలలకి పొట్ట తగ్గింది, ఎంజైములు దిగాయి.

మర్యాద అనే గడి

ఆ తర్వాత నేనూ పద్మావతీ తాగకుండా లివర్‌లో కొవ్వున్నవాళ్ళ వివరాలు కూడబెట్టడం మొదలుపెట్టాం. మేం రాసుకున్న ఫారంలో రెండు మార్పులు చేశాం. తాగుడు సంగతి భార్యనో తల్లినో విడిగా కూర్చోబెట్టి అడగాలి. తిండి దగ్గర టిఫిను, భోజనం తర్వాత "మర్యాద" అని కొత్త గడి. ఎవరింట్లో, ఎవరి కోసం, ఏం తీసుకున్నారు అని. ఆ గడి ఒక్కోసారి మిగతా గడులన్నిటికన్నా పొడుగయ్యేది. మా ప్రొఫెసర్ గారు అప్పటికి రిటైరయ్యారు. ఫారం చూపిస్తే చాలాసేపు చదివి, భార్యలు మాత్రం నిజం చెబుతారా అని అడిగి, అయినా బాగుందన్నట్టు అడుగున సంతకం పెట్టిచ్చారు.

ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి అడగడానికి పద్మావతి ఇద్దరు సహాయకుల్ని తీసుకుని వెళ్ళేది. తిండి గురించి అడగడానికొచ్చిన మనిషికి తిండి పెట్టకుండా పంపే ఇల్లు ఆ వైపు లేదు. ఒక ఇంట్లో సున్నుండ, ఇంకో ఇంట్లో చెరుకు రసం, మూడో ఇంట్లో ఇప్పుడే దించిన బూరె. వద్దంటే, మరి మా ఫారం ఎందుకు రాస్తారు, వెళ్ళండి అనేవాళ్ళట. పరిశోధన ఆగిపోతుందని పద్మావతి తినేది. ఏడాది చివర ఆ అమ్మాయి చీరకట్టు మారింది, జాకెట్లు మారాయి. ఒకటి రెండుసార్లు నేనూ తోడు వెళ్ళాను. ఒకటి రెండుసార్లని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ ఊళ్ళలో ఏ ఇంటి సున్నుండ బాగుంటుందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒక రోజు సరదాకి మా బృందం అంతా స్కానింగ్ చేయించుకున్నాం. నలుగురికీ లివర్‌లో కొవ్వుంది, నాదే అందరికన్నా ఎక్కువ. కొత్తగా వచ్చిన రేడియాలజిస్టు కుర్రాడికి నేనెవరో సరిగ్గా తెలియదు. తెర వంక చూస్తూ చూస్తూ, "మేడమ్, ఏమీ అనుకోకండి, మీకు అలవాటేమన్నా..." అని ఆగాడు.

లేదు బాబూ అన్నాను. అతను మర్యాదగా తలూపి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు చదవకుండానే తెలుసు. ఇంటికి వచ్చేదాకా ఒళ్ళు మండిపోయింది. నాకు పక్కన బావమరిది లేడు, చీటీ బజారుకెక్కలేదు, అయినా ఆ పూట అన్నం సహించలేదు. అప్పటికిగానీ రహీం సాయిబు గారు ఆ మొదటి రోజు ఎందుకంతసేపు మాట్లాడలేదో నాకు అర్థం కాలేదు.

అంత అర్థమయ్యాక కూడా నేను ఆయనకి క్షమాపణ చెప్పలేదు. ఈ మాట పిల్లలు గమనించాలి. ఆయనకి జబ్బు పేరు వివరంగా చెప్పాను, జిరాక్సు కాగితాలు చూపించాను, ఇది కొత్తగా తెలిసిన సంగతి అన్నాను, మందు మార్చాను. తప్పు నాది అని మాత్రం అనలేదు. మా తరం డాక్టర్లకి ఆ మాట నేర్పలేదు, అడిగే పేషెంటూ లేడు. అలా నాలుగైదేళ్ళు గడిచిపోయాయి.

ఒక శుక్రవారం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక శుక్రవారం, ఓపీ నిండా జనం ఉండగా రహీం సాయిబు గారూ మెహరున్నీసా గారూ వచ్చారు. చెకప్‌కి కాదు. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు రెండూ జోడించారు. హజ్‌కి వెళ్ళే ముందు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, నొప్పించి ఉంటే మన్నించమని అడగడం వాళ్ళ ఆచారం.

"హజ్‌కి వెళ్తన్నామమ్మా. మిమ్మల్ని చాలాసార్లు విసిగించా. తెలిసో తెలియకో కష్టపెట్టుంటే మాఫ్ చెయ్యండి," అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మా నర్సులు ఆ విషయం చాలా కాలం చెప్పుకున్నారు. లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్న పేషెంట్లు, జూనియర్లు అందరూ చూస్తున్నారు. మన్నించమని అడగాల్సింది నేనండీ అన్నాను. మీరు తాగనని చెబితే నమ్మలేదు, మీ బావమరిది ముందు అంత మాటన్నాను, మీ పేరు పాడుచేశాను, మీ ప్రాణం మీదకి తెచ్చాను, ఇన్నేళ్ళు ఒక్క మాట కూడా చెప్పలేదు అన్నాను. చెబుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఆయన కంగారుపడిపోయారు.

"అయ్యో, కూర్చోండమ్మా. మీది ఆ రోజే మాఫ్ చేశా. మీకు నేనెవరో తెలవదుగా." తల వంచుకున్నారు. "ఇస్మాయిల్‌కి తెలుసమ్మా. చిన్నప్పటి నుంచి తెలుసు. వాడిదే ఇంకా మాఫ్ అవలేదు."

మెహరున్నీసా గారు లేచి ముసుగు సరిచేసుకున్నారు. "అవ్వాలి. ఇప్పుడు వెళ్ళేది మా తమ్ముడింటికే," అన్నారు.

ఆయన కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.